మూడుసార్లు రుబ్బిన పేరు

మా నాన్న కొట్లో సరుకు అడగగానే ఇచ్చే ఆచారం లేదు. అమలాపురం మెయిన్ రోడ్డు మీద మాది మూలికల కొట్టు. గోడ పొడుగునా చెక్క సొరుగులు, సొరుగుకో సరుకు. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, అతిమధురం, ఇంకా పేరు చెబితే డాక్టర్లు నవ్వే వేళ్ళూ బెరళ్ళూ. ఏది ఏ సొరుగులో ఉందో ఇంట్లో అందరికీ కళ్ళు మూసుకున్నా తెలుసు. అయినా ఎవరైనా వచ్చి కాస్త అరుదైనది అడిగితే నాన్న "ఉందో లేదో చూడాలండి" అంటూ లోపలి గదిలోకి వెళ్ళేవారు. అక్కడ రెండు డబ్బాలు కదిపేవారు. ఒక మూత తీసి పెట్టేవారు. తీరిగ్గా గ్లాసుడు మంచినీళ్ళు తాగేవారు. చేతులు దులుపుకుంటూ బయటికొచ్చి, గల్లాపెట్టె పక్క సొరుగులోంచే ఆ సరుకు తీసి పొట్లం కట్టేవారు.

"వెంటనే ఇచ్చేస్తే బేరమాడతార్రా. వెతికి ఇచ్చేమనుకో, దండం పెట్టి పట్టుకెళ్తారు" అనేవారు నాతో.

ఇంజనీరింగ్ చదివాను గానీ నాకు వంటబట్టిన విద్య అదొక్కటే. మిగతాదంతా పరీక్షలకి చదివాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ విద్యని వాడకూడని చోట, వాడకూడని మనిషి మీద వాడిన సంగతి. నాలుగు వరుసల కోడ్‌ని పదిహేడు రోజులు లోపలి గదిలో పెట్టి మంచినీళ్ళు తాగాను. దాహం మాత్రం తీరలేదు.

మా ఆఫీసు ఎర్రవంతెనకి కాస్త ఇవతల, ఒక స్వీట్ల కొట్టు పైన రెండు గదులు. అసలు కంపెనీ హైదరాబాదులో. ఇంటి నుంచి పని అలవాటయ్యాక, సొంత ఊరు వదలమని మొండికేసిన ఏడుగురి కోసం వాళ్ళే ఈ గదులు అద్దెకు తీసుకున్నారు. మేం చూసేది ఒక డేటాబేసు. లక్షల వివరాలు దాచి, అడిగినప్పుడు తీసి ఇచ్చే ప్రోగ్రాం. అంటే మా నాన్న కొట్టే. కాకపోతే అది లోపలికి వెళ్ళి అనవసరంగా డబ్బాలు కదపదని అప్పట్లో అనుకునేవాణ్ణి.

అందులో తాళాల భాగం రాసింది అక్కగారు. అక్కగారంటే తోబుట్టువు కాదు. రాజోలు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. చేరిన మొదటి రోజే నన్ను "తమ్ముడుగారూ" అన్నారు, నేను "అక్కగారూ" అన్నాను, అలా ఉండిపోయింది. వాళ్ళ తాతమ్మ కూలికి నాట్లు వేసిందట. తాతగారు మిషన్ బడిలో చదువుకుని పంతులయ్యారు. తల్లి హెడ్మిస్ట్రెస్‌. ఇంట్లో అందరూ పాఠాలు చెప్పినవాళ్ళు కావడం వల్లేమో, ఆవిడ కోడ్ కూడా పాఠం చెప్పినట్టే రాసేవారు. ప్రతి మెట్టు పక్కనా అది ఎందుకు వేశారో ఒక వాక్యం.

నాకు ఆ భాగం మొదట నేర్పింది కూడా ఆవిడే. మా క్లయింటుల్లో పెద్దది బస్సు టిక్కెట్లు అమ్మే సంస్థ. దాన్నే ఉదాహరణగా తీసుకున్నారు.

"ఒక సీటు ఒకళ్ళు చూస్తున్నారనుకోండి తమ్ముడుగారూ. వాళ్ళు కొంటారో మానేస్తారో తేలేదాకా ఇంకొకళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. అందుకని ఆ సీటుకి తాళం వేస్తాం. ఎవరు దేనికి తాళం వేసేరో రాసుకునే పట్టిక ఉంది చూసేరా, అదే మనది."

"అంతేనా అండీ?"

"ఆయ్, అంతే. అది తప్పిందనుకోండి, ఒకే సీటు ఇద్దరికి అమ్ముతాం. వాళ్ళు తణుకు దగ్గర బస్సులో జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. మనం ఇక్కడ కాజాలు తింటా ఉంటాం."

ఆ పట్టిక పెద్దది. ఒక్కచోట ఉంటే అందరూ దానిమీదే పడతారని పదహారు భాగాలు చేశారు. ఏ సీటు సంగతి ఏ భాగంలో ఉందో తెలియాలంటే ఆ సీటు పేరులోని అక్షరాలూ అంకెలూ అన్నీ కలిపి ఒక లెక్క వేయాలి. దాన్ని హ్యాష్ అంటారు. ఆవిడ మాత్రం "పేరు రుబ్బడం" అనేవారు. పేరుని రోట్లో వేసి రుబ్బితే ఒక సంఖ్య వస్తుంది. అదే పేరు ఎన్నిసార్లు రుబ్బినా అదే సంఖ్య. ఆ సంఖ్యే ఏ భాగం, అందులో ఏ గడి అన్నది చెబుతుంది. సొరుగుల మధ్య పెరిగినవాణ్ణి గనక నాకు వెంటనే ఎక్కింది. ఆవిడ మురిసిపోయారు. "మీకు రెండోసారి చెప్పక్కర్లేదండి" అన్నారు.

దసరా సెలవుల రద్దీలో ఆ టిక్కెట్ల సంస్థవాళ్ళు గోల పెట్టారు. సీటు నొక్కితే తాళం పడడానికి ఆలస్యమవుతోంది, జనం విసుక్కుని వేరే చోట కొనుక్కుంటున్నారు. మా మేనేజరు హైదరాబాదు నుంచి వీడియోలో కూర్చోబెట్టి అడిగాడు.

"మేడమ్, తాళాల భాగం మీరు రాసిందే కదా?"

"అవునండి. నేనే రాసేను."

"మూడు వారాలు టైమిస్తున్నాను, చివరి రోజున రివ్యూ. కారణం దొరక్కపోతే ఆ భాగం ఇక్కడి టీముకి ఇచ్చేస్తాం. మీరు హైదరాబాదు వచ్చి సపోర్టులో కూర్చోవాలి."

సపోర్టంటే కస్టమర్ల ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం. ఆవిడ భర్త లంకల్లో ఒక హైస్కూలు మాస్టారు. కూతురు ఇంటర్ రెండో ఏడు. రాజోలు విడిచి ఆవిడ వెళ్ళలేరని మేనేజరుకి తెలుసు, మా అందరికీ తెలుసు. కారణం దొరకాలి, లేదా ఆవిడ ఉద్యోగం మానుకోవాలి. మధ్యలో ఇంకేం లేదు.

వీడియో ఆపాక ఆవిడ మా అందరి వంకా చూసి, "ఎవరికేం కనబడినా చెప్పండి. నా కోడ్ అని మొహమాటపడకండి" అన్నారు.

నాకు నాలుగో రోజు మధ్యాహ్నం కనబడింది.

ప్రోగ్రాం ఏ పని మీద ఎంతసేపు గడుపుతోందో కొలిచే సాధనాలు మాకుంటాయి. ఒకటి పెట్టి చూశాను. తాళం కోసం వేచి ఉండడం మీద కాలం పోతోందని అందరం అనుకుంటున్నాం. కాదు. పేరు రుబ్బడం మీద పోతోంది. ఏ భాగానికి వెళ్ళాలో తెలుసుకోవడానికి ఒకసారి రుబ్బుతోంది. ఆ భాగంలోకి వెళ్ళాక గడి వెతకడానికి అదే పేరుని మళ్ళీ రుబ్బుతోంది. తాళం తీసేటప్పుడు మూడోసారి. మొదటిసారి వచ్చిన సంఖ్యని ఎవరూ చేత్తో పట్టుకోవడం లేదు. ఒక గదిలో వాడి అక్కడే పారేసి, పక్క గదిలో మళ్ళీ రోలు కడుగుతున్నారు. ఆవిడ ప్రతి మెట్టుకీ విడిగా పాఠం రాసుకున్నారు మరి. ఏ మెట్టూ పక్కమెట్టుని ఏమీ అడగకుండా తన పని తాను చేసుకుపోయేలా.

మొదటిసారి వచ్చిన సంఖ్యని మిగతా రెండు మెట్లకీ అందించేలా మార్చాను. నాలుగు వరుసలు. మళ్ళీ కొలిచాను. గట్టిగా తెలిసేంత తేడా.

మామూలు మనిషెవడైనా అప్పుడు కుర్చీ తిప్పి, రెండడుగుల దూరంలో కూర్చున్న ఆవిడతో "అక్కగారూ, ఇలా రండి" అంటాడు. నేను ల్యాప్‌టాప్ మూత దించాను.

నాలుగు వరుసలు. అదే నా బాధ. నాలుగు వరుసలకి ఎవడు ఏమిస్తాడు? నాలుగో రోజునే ఇచ్చేస్తే "ఓహో, ఇంతేనా" అంటారు. అక్కగారు "భలే పట్టేరండి" అంటారు, కాజా తెప్పిస్తారు. ఆ కాజా నాకు అక్కర్లేదు. ఆరేళ్ళుగా ఒకే కుర్చీలో ఉన్నాను. ఒక భాగానికి బాధ్యుడనిపించుకోవాలని ఉంది. చేతిలో సరుకుంది. లోపలి గదిలోకి వెళ్ళి కాసేపు డబ్బాలు కదపడమే తరువాయి. పైగా చివరి రోజున బయటపెడితే కారణం దొరికినట్టే కదా, ఆవిడా గట్టెక్కుతారు, నేనూ పైకెక్కుతాను అని లెక్క కట్టుకున్నాను. అబద్ధం చెప్పను, ఆ లెక్క నాకు ఎంతో న్యాయంగా కనిపించింది.

మెట్ల మీదికి వెళ్ళి మేనేజరుకి ఫోను చేశాను. కింద కొట్లో కాజాలు పాకంలో వేస్తున్నారు.

"సార్, ఆ ఆలస్యం సంగతి కాస్త చూస్తున్నానండి."

"దొరికిందా?"

"దొరికిందని కాదండి. ఒక దారి కనిపిస్తోంది. చాలా లోతుగా ఉంది."

"ఎన్నాళ్ళు?"

"నెల పడుతుందండి."

"నెల లేదు. రివ్యూ రోజుకి కావాలి."

"రివ్యూ రోజుకంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టాలండి. ఆ భాగం బాధ్యత ఎవరిదో తెలియకుండా అంత లోపలికి చెయ్యి పెట్టడమంటే..." అని వాక్యం అక్కడ వదిలేశాను. ధర మనం చెప్పకూడదు, అవతలివాడి చేత చెప్పించాలి.

"దొరికితే బాధ్యత మీదే అనుకోండి" అన్నాడాయన. ఆ వెంటనే, "మేడమ్‌కి తెలుసా?" అన్నాడు.

"తేలనిది చెప్పి ఆవిణ్ణి కంగారు పెట్టడం ఎందుకని చెప్పలేదండి."

"మంచిది."

ఆ మాట విని నేను గెలిచాననుకుని మెట్లెక్కాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన నన్ను కొనుక్కుని సంచిలో వేసుకున్న చప్పుడు అది.

తర్వాతి రోజుల్లో నేను బాగా నటించాను. తెర మీద కోడ్ పైకీ కిందికీ జరిపేవాణ్ణి. నుదురు రుద్దుకునేవాణ్ణి. అక్కగారు నటించలేదు. ఆవిడ తన కోడంతా కాగితాల మీద అచ్చు తీయించుకుని, ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్క మెట్టే దిగుతున్నారు. బస్సులో కూడా అవే చదువుతున్నారని ఆ కాగితాల అంచులు చూస్తే తెలిసేది. ఒకరోజు నన్ను అడిగారు.

"హైదరాబాదులో ఆడవాళ్ళ హాస్టళ్ళు ఎలా ఉంటాయండీ తమ్ముడుగారూ? నా ఈడువాళ్ళని చేర్చుకుంటారా, వార్డెను అనుకుంటారా?"

నవ్వాను. ఆవిడా నవ్వారు. ఆవిడ నవ్వు ముందు ఆగింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నాం. ఆవిడ తన కొబ్బరి మామిడికాయ పచ్చడి నా కంచంలో వేసి, ఎడంచేత్తో ఒక కాగితం నా వైపు జరిపారు.

"ఇది ఒకసారి చూడండి. ఈ పేరుని మనం మూడు చోట్లా రుబ్బుతున్నాం. ఇదేమో అనిపిస్తోంది."

ముద్ద నోట్లో ఉంది. దాన్ని నమలడానికి పట్టేదానికంటే చాలా ఎక్కువసేపు నమిలాను.

"అబ్బే, అదెంతండీ అక్కగారూ. చిటికెలో అయిపోయే పని."

"చిటికే అనుకోండి. రద్దీలో లక్షల చిటికెలు కదా."

"ఆ అనుమానం నాకూ వచ్చిందండి."

"కొలిచేరా?"

"కొలిచేనండి. ఏం లేదు."

"ఆయ్. మీరు కొలిస్తే మళ్ళీ నేను చూడక్కర్లేదు" అని ఆ చోటు మీద అడ్డంగా గీత కొట్టి, కాగితం తిప్పి, పెరుగన్నంలో చెయ్యి పెట్టారు.

కొలిచానన్నది నిజం. ఏం లేదన్నది అబద్ధం. బేరాల్లో పెరిగినవాడు పూర్తి అబద్ధం ఆడడు, సగం నిజంలో చుట్టి పొట్లం కడతాడు. ఆ పచ్చడి బాగుంది. మారు కూడా వేయించుకున్నాను.

రివ్యూ రోజు వచ్చింది. వీడియోలో మేనేజరు, ఆయన పక్కన నాకు తెలియని ఇద్దరు.

"మేడమ్, కారణం దొరికిందా?"

"లేదండి. నేను చూసినవన్నీ రాసి పెట్టేను. ఏవి కావో చెప్పగలను గానీ ఏదో చెప్పలేకపోతున్నాను" అని ఆవిడ తన జాబితాని తెర మీద చూపించారు. ఒక్కొక్కటీ, దాని పక్కన కొలత. అందులో మూడో వరుస: పేరుని మూడుసార్లు రుబ్బడం. దాని పక్కన "తమ్ముడుగారు కొలిచి చూశారు, తేడా లేదు" అన్న ముక్కని ఆఫీసు భాషలోకి మార్చి నా పేరు వేసి పెట్టారు.

నేను చూపించాల్సింది ఆ వరుసే. వెనక్కి తగ్గే దారి లేదు, ఆయనకి మాటిచ్చాను. చూపించాను. పాత కొలతా కొత్త కొలతా పక్కపక్కన పెట్టాను. తెలియని ఇద్దరూ ముందుకి వంగారు.

"మరి మేడమ్ జాబితాలో ఇది కాదని ఉందే? మీరే కొలిచారని కూడా ఉంది" అన్నాడు మేనేజరు.

"మొదట నేను కొలిచింది సరిగ్గా కొలవలేదండి. తర్వాత మళ్ళీ చూస్తే..."

అక్కగారే అందుకున్నారు. "కొలతల్లో అలా జరుగుతుందండి. నాకూ జరిగింది." నన్ను వెనకేసుకొచ్చారు.

"సరే. సోమవారం నుంచి ఆ భాగం మీరు చూడండి" అన్నాడు నాతో. "మేడమ్, మీ సంగతి ముందే అనుకున్నాం కదా."

"కారణం దొరికింది కదండీ సార్, ఇంక ఆవిడ ఎందుకు..." అన్నాను.

"ఆవిడకి దొరకలేదు కదా."

నా న్యాయమైన లెక్కలో ఈ వరుస లేదు. ఇంకోమాట అనాల్సిన చోటది. టేబులు మీద ఎవరో మరిచిపోయిన పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాను.

మా దగ్గర ఎవరు ఏ మార్పు చేసినా, ఆ భాగం బాగా తెలిసిన ఇంకొకరు చదివి ఒప్పుకుంటేనే అసలు ప్రోగ్రాంలో కలుస్తుంది. తాళాల సంగతి తెలిసింది ఆవిడ ఒక్కరికే. తన ఉద్యోగం తీసుకున్న నాలుగు వరుసలని తానే చదివి పాస్ చేయాలి. ఆ మధ్యాహ్నం కుర్చీ నా పక్కకి జరుపుకుని, ఎప్పటిలాగే మొదటి అక్షరం నుంచి చదివారు.

"సీటు మార్చుకున్నప్పుడు ఏమవుతుందండీ తమ్ముడుగారూ?"

"ఏమవుతుందండీ?"

"ఆయన పన్నెండో నంబరు వదిలేసి పద్నాలుగు అడుగుతాడు. తాళం అడగడానికి మనం కొత్త చీటీ రాయం, పాత చీటీ మీదే సీటు పేరు దిద్దుతాం. పేరు పద్నాలుగైంది. మీరు చేత్తో పట్టుకున్న సంఖ్య ఇంకా పన్నెండుదే."

పద్నాలుగో సీటు తాళాన్ని పన్నెండో సీటు గడిలో పెట్టేవాళ్ళం. పద్నాలుగు కోసం ఇంకొకరు వస్తే, అక్కడ తాళం లేదు కదా అని అమ్మేసేవాళ్ళం. నా కొలతల్లో ఎవరూ సీటు మార్చుకోలేదు. సరుకు మెరిసే వైపే తిప్పి చూసుకున్నాను. నా తప్పు పట్టగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉంటే, ఆవిడకి కనపడకుండానే దాచాను.

"మూడుసార్లు రుబ్బడం దండగే" అన్నారు ఆవిడ. "కానీ ప్రతిసారీ కొత్తగా రుబ్బుతున్నారు గనక పాత సంఖ్య వెంట వచ్చే ప్రమాదం లేకపోయింది. దండగ తీసేస్తే దాని బదులు కాపలా పెట్టాలి కదండీ."

కీబోర్డు తన వైపు తిప్పుకుని రాశారు. పేరు దిద్దిన చోట సంఖ్యని కొత్తగా రుబ్బడం ఒకటి. ఇంకొకటి, మేం లోపల పరీక్షలకి నడుపుకునే ప్రతిలో మాత్రం, ఒక్కో మెట్టులోనూ పేరుని మళ్ళీ రుబ్బి, చేతికందిన సంఖ్యతో సరిపోలకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోవాలి. జనం వాడే ప్రతిలో ఈ తనిఖీ ఉండదు గనక ఆలస్యమూ ఉండదు. నేను పదిహేడు రోజులు దాచిన పనిని ఆవిడ టీ చల్లారేలోపు సరిచేశారు.

తర్వాత తెర పైకి జరిపారు. మార్పు ఎప్పుడు కలపమని అడిగామో కాదు, ఎప్పుడు రాశామో ఆ తేదీ దానిమీదే ఉంటుంది. సరుకంతా చీకట్లో దాచిన షావుకారు కొడుకుని, తారీకు తుడవడం మరిచిపోయాను.

"ఇది నాలుగో రోజున రాసింది."

"ఆ తేదీ... అందులో ఉంటుందాండీ" అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు.

"పన్నెండో రోజున నేను అడిగేను."

నేను తెర మీది తేదీనే చూస్తున్నాను.

"మళ్ళీ కొలుచుకోవాల్సిందండి. మీరు చెప్పేరని ఊరుకున్నాను. తప్పు నాది" అని, మార్పుని ఒప్పుకుంటున్నట్టు మీట నొక్కి, కుర్చీ తన చోటికి జరుపుకున్నారు. ఆ తర్వాత ఆవిడ నన్ను తమ్ముడుగారూ అని పిలవలేదు.

సాయంత్రం కొట్లో నాన్న దగ్గర కూర్చుని, ఎవరో చేసినట్టు చెబుదామని మొదలుపెట్టి, మధ్యలో "నేను" అనేశాను. నాన్న త్రాసు గిన్నెలు తుడుస్తున్నారు. సగం విన్నాక తుడవడం ఆపారు.

"నీ దగ్గర నేర్చుకున్నదే నాన్నా" అన్నాను, నవ్వు కలిపి.

"ఏం నేర్చుకున్నావురా?" అన్నారు. "లోపలికెళ్ళి కూచునేవాణ్ణి. నిజమే. అవతలోళ్ళని నిలబెట్టేవాణ్ణి. అదీ నిజమే. ఉన్న సరుకు లేదని ఎవరితోనైనా చెప్పగా విన్నావా? మందుకొచ్చినోళ్ళురా వాళ్ళు."

"ఆవిడ అడుగుతుందనుకోలేదు."

"అడిగేక చెప్పొచ్చుగా. నోరు పడిపోయిందా?" మళ్ళీ త్రాసు అందుకుని, "బేరం నీకు రాలేదు. దొంగతనం వచ్చింది. రెండూ ఒకటే కొట్లో నేర్పుతారనుకున్నావు" అన్నారు. ఇంక నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే మేనేజరుకి ఫోను చేశాను. ఈసారి వాక్యాలు మధ్యలో వదలలేదు.

"సార్, అది నాకు నాలుగో రోజునే దొరికిందండి. దాచింది నేను. ఆవిడ కనిపెట్టి అడిగితే కాదని చెప్పింది కూడా నేనే. ఆవిడ తప్పేం లేదు. ఆవిణ్ణి ఉంచండి."

"తెలుసు. తేదీ చూశాను" అన్నాడు.

"చూసేరా?"

"చూడకముందే తెలుసు. మీరు నెల అన్న రోజే అనుకున్నాను. చేతిలో ఏమీ లేకుండా ఎవరూ అలా బేరమాడరు."

"మరి ఎందుకు ఊరుకున్నారండీ?"

"మీ టీములో ఒకళ్ళని తగ్గించమని పైవాళ్ళు చెప్పి చాలా రోజులైంది. కాగితం మీద ఒక కారణం కావాలి. మీరిచ్చారు."

"ఆ బాధ్యత నాకొద్దండి."

"వద్దంటే మీరిద్దరూ ఉండరు. తేడా అంతే. ఆలోచించుకోండి."

ఆలోచించుకుంటానండి అన్నాను. ఆలోచించుకున్నాను. ఉన్నాను. అమ్మకందారుణ్ణి అనుకుంటూ మూడు వారాలు కొట్టు తెరుచుకుని కూర్చున్నానే, ఆ కొట్లో అమ్ముడుపోయింది నేను. అదీ మొదటి మాటకే.

అక్కగారు హైదరాబాదు వెళ్ళలేదు. రాజీనామా రాసి, రాజోలు దగ్గర ఒక కాలేజీలో ఏడాది ఒప్పందం మీద పాఠాలు చెప్పడానికి కుదురుకున్నారు. చివరి రోజున ఆవిడ పుస్తకాల అట్టపెట్టె నేను పట్టుకుంటానన్నాను. వద్దనలేదు. బస్టాండు దాకా ఆవిడ ముందు, నేను వెనక.

పాశర్లపూడి మీదుగా రాజోలు వెళ్ళే బస్సు పెట్టి ఉంది. ఇంకా డ్రైవరు ఎక్కలేదు. పెట్టె కిటికీ పక్క సీటు కింద పెట్టి దిగాను. ఏదో ఒకటి అనాలని ఉంది. క్షమించండి అనే మాటని ఎన్ని రకాలుగా చుట్టినా అది కూడా ఏదో అడుగుతున్నట్టే ఉంది. ఆవిడే మాట్లాడారు.

"ఆ తనిఖీ వరుసలు ఉన్నాయి కదండీ."

"ఉన్నాయండి."

"రేపెప్పుడో పరీక్షలు ఆలస్యమవుతున్నాయని ఎవరో అంటారు. తీసేస్తే పోతుంది కదా అంటారు. తియ్యకండి. పేరు దిద్దే చోట్లు ఇంకా ఎన్నున్నాయో నాకే తెలీదు."

"తియ్యనండి అక్కగారూ."

"మీ మాట కాదండి" అన్నారు ఆవిడ. గొంతులో కోపం లేదు, నాకు మొదట్లో పాఠం చెప్పిన గొంతే. "రాసి ఇవ్వండి."

హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న నోటుబుక్కూ పెన్నూ తీసి ఇచ్చారు. బస్సు రేకుకి ఆనించి రాశాను. నేను బాధ్యత చూస్తున్నంతకాలం ఆ వరుసలు తీయను, తీయనివ్వను. పెన్ను రెండుసార్లు పలకలేదు, మళ్ళీ దిద్దాను. కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆవిడ చదివి వెనక్కి ఇచ్చారు.

"తేదీ వెయ్యండి."

వేశాను. ఆవిడ ఫోను తీసి, ఈరోజు తారీకు ఎంతో చూసి, నేను వేసినదానితో సరిపోల్చుకున్నారు. కాగితం చింపి, మడిచి, బ్యాగులో పెట్టుకుని బస్సెక్కారు.